వీధిలోంచి కనబడని గొట్టం

వెర్లిన్ స్టాట్స్ నలభై ఏళ్లపాటు జనం ఇళ్లలోకి వెళ్లాడు గానీ ఎవరింట్లోనూ కుర్చీలో కూర్చోలేదు. వచ్చేవాడు, నడవ పైకప్పుకి వేలాడే తాడు పట్టుకుని లాగేవాడు, మడత నిచ్చెన కిందికి దిగేది, అతను పైకెక్కేవాడు. మా ఊళ్లో చాలామందికి అతని ముఖం కన్నా బూట్ల అడుగుభాగం బాగా గుర్తు. అడగాల్సినవన్నీ ఆ బూట్లనే అడిగేవాళ్లు. "ఇంకా ఎంతసేపు?" అంటే, అటకలోంచి ఒక దగ్గు, తర్వాత "అయిపోవచ్చింది" అన్న మాట వచ్చేవి. రెండుసార్లు పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరు భార్యలూ అతను ఎవరి అటక మీదో ఉండగానే సామాను సర్దుకుని వెళ్లిపోయారు.

మా ఓక్లహోమా ఎర్రమట్టిలో నేలమాళిగలు నిలవవు. అందుకే ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్ మా అందరికీ నెత్తిమీద, అటకలో ఉంటుంది. దాని పొగను బయటికి పంపడానికి రెండు పొరల రేకు గొట్టం ఒకటి నిటారుగా లేచి, కప్పును చీల్చుకుని, మూరెడు పైకి వెళ్లి, నెత్తిన చిన్న టోపీ పెట్టుకుని నిలబడుతుంది. ఆ గొట్టమే వెర్లిన్ మతం. ఆదివారం చర్చికి వచ్చేవాడు గానీ, పాస్టరు కళ్లు మూసుకోమన్నప్పుడు ఇతను కప్పుకేసి చూస్తూ గొట్టం ఎటు పోయిందో వెతుక్కునేవాడు.

"పొగ సంగతి చాలా సులువు," అనేవాడు ఫలహారశాలలో ఎవరైనా వినేవాడు దొరికితే. "వేడిగా ఉంటే పైకి పోతుంది. చల్లబడితే ఆగుతుంది. దారి లేకపోతే వెనక్కొస్తుంది. అంతే. అబద్ధం చెప్పడం దానికి రాదు."

వినేవాడు తన మెత్తటి బన్నుల్లాంటి బిస్కట్ల మీద ఇంకాస్త గ్రేవీ పోసుకునేవాడు.

అలాంటి మనిషికి అరవై రెండో ఏట ఒక గౌరవం దక్కింది. అతనుండే మెడోలార్క్ క్రాసింగ్‌లో తొంభై ఆరు ఇళ్లున్నాయి. మెడోలార్క్ పిట్ట ఒక్కటి కూడా లేదు, దాటడానికి ఏ దారీ అడ్డంగా లేదు. ఆ ఇళ్లవాళ్లకో సంఘం, ఆ సంఘానికి రూపురేఖల కమిటీ అని ఇంకొకటి. గడ్డి ఎన్ని అంగుళాలు పెరగొచ్చు, చెత్త డబ్బా ఎన్ని గంటలు బయట ఉండొచ్చు, క్రిస్మస్ దీపాలు ఏ తేదీకి తీసెయ్యాలి అనేవి ఆ కమిటీ తేలుస్తుంది. అధ్యక్షురాలు కార్లీన్ హడ్‌స్పెత్. పళ్ల డాక్టరు ఆఫీసుకి ఇరవై ఏళ్లు మేనేజరుగా చేసి రిటైరైంది కనుక జనం నోళ్లలోకి చూసే అలవాటు పోక, వాళ్ల వాకిళ్లలోకి చూస్తూ ఉండేది. గోల్ఫ్ బండిలో మెల్లగా వీధులు తిరిగేది, ఫోటోలు తీసేది, ఉత్తరాలు పంపేది.

కమిటీలో "భవన వృత్తి తెలిసిన సభ్యుడు" ఒకడుండాలని నిబంధన. పాత సభ్యుడు అరిజోనా వెళ్లిపోతే ఆ ఖాళీ వెర్లిన్‌కి వచ్చింది. అతని పేరు చెక్కిన ఇత్తడి పలక ఒకటి చేయించారు. మీటింగులో బల్ల మీద పెట్టాల్సిన ఆ పలకను వెర్లిన్ మిగతా రోజుల్లో వ్యాను అద్దం ముందు పెట్టుకుని తిరిగేవాడు. అంతవరకూ అతన్ని "వెర్లిన్, పైన ఏదో గరగరమంటోంది" అని పిలిచిన కార్లీన్, ఇప్పుడు "మిస్టర్ స్టాట్స్ అభిప్రాయమేమిటో?" అని అడిగేది. అభిప్రాయం ఏదైనా సరే, అడిగితే చాలు అతనికి. చొక్కాలు ఇస్త్రీ చెయ్యడం మొదలుపెట్టాడు.

ఏప్రిల్‌లో వడగళ్లు పడ్డాయి. కోడిగుడ్లంతవి పావుగంట కురిసి, తొంభై ఆరు ఇళ్ల కప్పులనూ మశూచి ముఖాల్లా చేసి వెళ్లాయి. బీమా కంపెనీలు అన్ని కప్పులూ కొత్తవి వెయ్యడానికి ఒప్పుకున్నాయి. మర్నాటికల్లా నాలుగు రాష్ట్రాల నుంచి కప్పులు వేసేవాళ్లు దిగిపోయి గడ్డిలో బోర్డులు పాతేశారు. కార్లీన్‌కి ఇంత మంచి అవకాశం జన్మలో రాలేదు. వీధి మొత్తం ఒకేసారి కొత్తగా, నున్నగా, ఏ పొక్కూ లేకుండా!

ఆ నెల మీటింగులో ఆవిడ కొత్త నిబంధన చదివింది. "వీధి వైపు కప్పు మీద, వీధిలోంచి చూసినప్పుడు కనబడే విధంగా, పొడుచుకొచ్చిన వస్తువేదీ ఉండరాదు."

వెర్లిన్ అప్పుడు 'పీకన్ పై' అనే తీపి వంటకం రెండో ముక్క తింటున్నాడు. ఆ నిబంధన టీవీ డిష్‌ల గురించి అనుకున్నాడు. ఫోర్కు పక్కన పెట్టి, "నిపుణుడి సంతకం ఇక్కడ" అన్న చోట తోక తిప్పి మరీ సంతకం చేశాడు. తన ఇంటి గొట్టం పెరటి వైపు ఉంది కాబట్టి అతనికి ఉత్తరం రాలేదు. వీధి వైపు గొట్టమున్న ముప్పై ఒక్క ఇళ్లకి వచ్చింది.

కప్పువాళ్లకు ఉత్తరం చూపిస్తే వాళ్లు బుర్ర గోక్కోలేదు. రంపం తీశారు. గొట్టాన్ని కప్పు చెక్కల కిందికి కోసేసి, కన్నం మీద బల్లపరుపు రేకు మూత పెట్టి, పలకలు పరిచి, సాయంత్రానికి మరో ఇంటికి వెళ్లిపోయారు. వీధిలోంచి చూస్తే నిజంగానే ఏమీ కనబడలేదు. మేలో ఫర్నేసులు ఎవరూ వెలిగించరు. నీళ్ల హీటర్లు అందరివీ కరెంటువే. ఆ తప్పు ఆరు నెలలపాటు అటకల మీద హాయిగా నిద్రపోయింది. ఆ ఏడు మెడోలార్క్ క్రాసింగ్‌కి నగరంలో అందమైన పేటగా బహుమతి కూడా వచ్చింది.

నవంబరులో ఉత్తరపు గాలి దిగింది. మధ్యాహ్నం చొక్కాతో తిరిగినవాళ్లు సాయంత్రానికి కోట్లు వెతుక్కున్నారు. ఫర్నేసులన్నీ వెలిగాయి. వారం తిరక్కుండానే ఫ్లూ వచ్చిందన్నారు. తలనొప్పి, వాంతి వచ్చేట్టుండటం, మత్తు. పనికి బయటికెళ్తే తగ్గేది, ఇంటికొస్తే తిరగబెట్టేది. ఇంత తెలివైన ఫ్లూ ఎప్పుడూ చూడలేదని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. చర్చిలో స్వస్థత కోసం ప్రార్థించాల్సిన వాళ్ల జాబితాలో పద్నాలుగు పేర్లు చేరాయి. పద్నాలుగూ రెండు వీధులవే, ఎవరికీ అనుమానం రాలేదు. దేవుడికి చిరునామాలు తెలుసు కదా అనుకున్నారేమో. కొందరి ఇళ్లలో విషవాయువు అలారాలు కీచుమన్నాయి. పాతబడి అరుస్తున్నాయని బ్యాటరీలు పీకి, టీవీ రిమోట్లలో వేసుకున్నారు.

శనివారం పొద్దున మిస్ ఓపల్ టిడ్‌వెల్ వెర్లిన్‌కి ఫోన్ చేసింది. బడి వంటశాలలో ముప్పై ఏళ్లు వండిన మనిషి. ఊళ్లో సగం మందికి అన్నం పెట్టింది కాబట్టి ఎవర్నైనా ఏమైనా అనగలదు.

"ఒరేయ్ వెర్లిన్, నా కిటికీలు లోపల్నుంచి ఏడుస్తున్నాయిరా."

"నీళ్లు కారుతున్నాయా, మిస్ ఓపల్?"

"అదే అంటున్నా. నిన్న ఓట్స్ తింటూ తింటూ చెంచా నోట్లో ఉండగానే నిద్రపోయాను. డెబ్భై తొమ్మిదేళ్లొచ్చాయి, నిజమే. కానీ నోట్లో పెట్టుకుని పడుకునేంత ముద్దేం కాదు నాకు ఓట్స్."

"ఇంట్లోంచి బయటికి రండి. ఇప్పుడే."

"నైటీలో ఉన్నానురా."

"నైటీలోనే రండి!"

అతను వచ్చేసరికి ఆవిడ బొంత కప్పుకుని వాకిట్లో తోట కుర్చీ మీద కూర్చుని ఉంది. వెర్లిన్ కిటికీలన్నీ తెరిచి, తాడు లాగి, అటక ఎక్కాడు. టార్చి వేశాడు. కప్పు చెక్కల్లోంచి దిగిన మేకుల కొసలన్నింటికీ నీటి బొట్లు వేలాడుతున్నాయి. చెక్క నల్లగా నానిపోయి ఉంది. తన చేత్తో పదకొండేళ్ల కిందట బిగించిన గొట్టం కప్పుకి జానెడు కింద తెగి, దొంగ చేతిలా గాల్లోకి చాచి ఉంది. పొగంతా అక్కడే తిరిగి, ఫర్నేస్ నోట్లోకే వెళ్లి, ఇంకా చెడ్డదై, గదుల్లోంచి గాలి లాగే గొట్టాల సందుల గుండా కిందికి, మిస్ ఓపల్ ఓట్స్ దాకా వెళ్తోంది.

ఫర్నేస్ ఆపి, దానికి ఎర్ర చీటీ కట్టాడు. మా దగ్గర ఎర్ర చీటీ కట్టిన యంత్రాన్ని సరిచేసేదాకా ఎవరూ వెలిగించకూడదు. కిందికి దిగి వాకిట్లోకొచ్చాడు.

"కప్పు వేసిన ఆ దొంగ వెధవలెవరో చెప్పండి. గొట్టం కోసేశారు. మనిషన్నవాడు చేసే పనేనా ఇది?"

"వాళ్లు చెప్పిన పనే చేశారురా. కాయితం వచ్చాకే కోశారు." మిస్ ఓపల్ బొంతలోంచి చెయ్యి తీసి ఇంటివైపు చూపించింది. "ఫ్రిజ్ తలుపుకే అంటించి పెట్టాను, తెచ్చుకో."

తెచ్చుకున్నాడు. కింద మూడు సంతకాలున్నాయి. మూడోదానికి తోక ఉంది.

"నీ చేవ్రాలు బాగుంటుంది," అంది మిస్ ఓపల్. "ఎనిమిదో క్లాసు దాకా పేరు కూడా సరిగా రాసేవాడివి కాదు."

వెర్లిన్ వ్యాను ఎక్కాడు. ఎదురుగా ఇత్తడి పలక మెరుస్తోంది. మిస్ ఓపల్ గొట్టం ఒక్కటి మధ్యాహ్నానికి సరిచేసి, మాట్లాడకుండా ఊరుకోవచ్చు. ఎవరు ఫోన్ చేస్తే వాళ్లది, ఒక్కొక్కటిగా, చలికాలం పొడుగునా చేసుకుంటూ పోవచ్చు. సంతకం సంగతి ఎవరికీ గుర్తు రాదు, పలక ఉంటుంది. ఫోన్ చెయ్యకుండా ముందే నిద్రపోయినవాళ్ల సంగతి మాత్రం ఏమవుతుందో అతనికి తెలుసు. ఒకసారి మరో పేటలో అలాంటి ఇంట్లోంచి ఇద్దర్ని మోసుకెళ్లాక, ఫర్నేస్ చూడమని అతన్నే పిలిచారు.

వ్యాను దిగి, నాలుగిళ్ల అవతల ఉన్న కార్లీన్ ఇంటికి నడిచాడు. ఆ రోజు యూనివర్సిటీ జట్టు ఫుట్‌బాల్ ఆట. ప్రతి వాకిట్లో జట్టు ఎర్ర జెండా, ప్రతి పొయ్యి మీదా చిల్లీ అనే కారం మాంసం కూర ఉడుకుతోంది. కార్లీన్ కూడా ఎర్ర స్వెట్టరులో తలుపు తీసింది. ముఖం మాత్రం పాలిపోయి ఉంది.

"మిస్టర్ స్టాట్స్! ఆట మా ఇంట్లోనే చూద్దురు గాని, రండి."

"మీ అటక చూడాలి."

"ఈవేళా?"

"ఇప్పుడే. రాయిస్ ఎక్కడ?"

"మావారా? పడుకున్నారు. ఫ్లూ. నాకూ తల పగిలిపోతోంది. ఆట మొదలవుతోందంటే కూడా లేవలేదంటే చూడండి, ఎంత జ్వరమో."

"జ్వరం ఉందా?"

ఆవిడ పడకగది వైపు చూసింది. "లేదనుకోండి."

"కార్లీన్ గారూ, అది ఫ్లూ కాదు. పొగ. మన ఉత్తరం చూసి కప్పువాళ్లు గొట్టాలు కోసేశారు."

"మనం కోయమనలేదే! కనబడకూడదన్నాం, అంతే."

"కనబడట్లేదు. పొగా కనబడదు. దాంతో వచ్చిన చిక్కే అది."

కార్లీన్ నుదురు రుద్దుకుంది. "సరే, తీవ్రమైన విషయమే. గురువారం మీటింగులో పెడదాం. కాదు, నిబంధన మార్చాలంటే పదిరోజుల నోటీసివ్వాలి. ఆ పై గురువారం. మూడింట రెండు వంతుల ఓట్లు..."

"నిబంధన మార్చమనట్లేదండీ. ఫర్నేసులు ఆపమంటున్నాను. ముప్పై ఒక్క ఇళ్లవీ."

"ఇంత చలిలో? ఆట రోజు? నీకు మతిపోయిందా వెర్లిన్?"

తన పేరు ముందు మిస్టర్ ఎక్కడ ఊడిపోయిందో అతను గమనించాడు.

ఆవిడ గొంతు తగ్గించింది. "ఒక్క మాట. ఆ కాయితం మీద సంతకాలు మూడు. నేను పళ్ల డాక్టరు దగ్గర చేశాను, డ్వేన్ ఇళ్లు అమ్ముతాడు. గొట్టాల సంగతి మాకేం తెలుసు అంటాం. ఎవరైనా నమ్ముతారు. నువ్వేమంటావు?"

వెర్లిన్ వెనక్కి తిరిగాడు. ఇంటి పక్కకి నడిచి, గోడవారన ఉన్న గ్యాస్ మీటరు దగ్గర వంగి, రెంచి పెట్టి పావు మలుపు తిప్పాడు. లోపల కార్లీన్ చిల్లీ కింద మంట ఆరింది. "కిటికీలు తెరవండి, రాయిస్‌ని బయటికి తీసుకురండి!" అని అరిచి కదిలాడు.

తర్వాత మిగతా ముప్పై ఇళ్ల గ్యాస్ మీటర్లు. అరవై రెండేళ్ల భారీ మనిషి, మోకాళ్లు అరిగినవాడు, కంచెల తలుపులు తెరుచుకుంటూ, కుక్కలతో మంచిగా మాట్లాడుతూ, ప్రతి తలుపు మీదా గట్టిగా బాది "బయటికి రండి, ఇంట్లో విషవాయువు!" అని అరుస్తూ వెళ్లాడు. నాలుగో ఇంటి దగ్గర అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేశాడు. విషవాయువు అంటే ఎవరూ రాలేదు. "మాకు ఫ్లూ, దగ్గరికి రాకు" అని లోపల్నుంచే జవాబిచ్చారు. చిల్లీ ఉడకడం ఆగిపోయాక మాత్రం ముప్పై ఒక్క ఇళ్లవాళ్లూ వీధిలో ఉన్నారు.

"ఎవడ్రా మా గ్యాస్ కట్టేసింది?"

"హీటింగు వెర్లిన్!"

"తాగాడా?"

"తాగితే నయం. కమిటీలో ఉన్నాడు."

బొంతలు, గౌన్లు, ఎర్ర టోపీలు. చల్లగాలి తగిలిన పది నిమిషాలకి ఒకావిడ తన తలనొప్పి తగ్గిందని ఆశ్చర్యపోయింది. పక్కావిడ తనదీ తగ్గిందంది. ఆట స్కోరు తెలియని కంగారులో ఎవరూ ఆ మాట పట్టించుకోలేదు.

ఫైరింజను వచ్చింది. కెప్టెన్ విషవాయువు కొలిచే చిన్న మీటరు చేత్తో పట్టుకుని దగ్గర్లో ఉన్న ఇంట్లోకి, అంటే కార్లీన్ ఇంట్లోకి వెళ్లాడు. కొన్ని అడుగులు వేశాడో లేదో, మీటరు అరవడం వీధిలోకి వినిపించింది. ఇద్దరు ముసుగులు తొడుక్కుని పరిగెత్తి రాయిస్‌ని మోసుకొచ్చారు. ఆ వాయువు పట్టినవాళ్లకి వచ్చే గులాబీ రంగుతో అతని చెంపలు ఆరోగ్యంగా కనబడుతున్నాయి. మనిషి మాత్రం కళ్లు తెరవలేదు. ఆక్సిజన్ పెట్టి అంబులెన్సు మెట్టు మీద ఆనించారు. కార్లీన్ అతని చెయ్యి పట్టుకుని, "రాయిస్, ఆట మొదలైంది, రాయిస్" అంటూనే ఉంది.  చాలాసేపటికి అతను కనురెప్పలు కదిపి, ముసుగు లోపల్నుంచి ఏదో అన్నాడు. కెప్టెన్ వంగి విన్నాడు.

"ఎవరు గెలుస్తున్నారని అడుగుతున్నాడు."

కెప్టెన్ లేచి అందరివైపూ తిరిగాడు. "ఇంకో గంట ఆగితే అడిగేవాడు కాదు. ఈ గొట్టాలు కోయించిందెవరు?"

ముప్పై ఒక్క ఇళ్లవాళ్లూ, చట్టప్రకారం నున్నగా ఉన్న తమ కప్పుల వైపు చూశారు. డ్వేన్‌కి బూటు లేసు కట్టుకోవాల్సిన పని పడింది.

వెర్లిన్ జేబులోంచి కాయితం తీశాడు. "నా సంతకం ఉంది. తెలిసినవాడిగా నన్ను చెయ్యమన్నారు, తెలుసుకోకుండా చేశాను. విన్నాను గానీ ఆలోచించలేదు. అప్పుడు పీకన్ పై తింటున్నాను."

"నిజం చెప్పాడు," అంది మిస్ ఓపల్ కుర్చీలోంచి. "మిగతా రెండూ ఎవరివో కళ్లద్దాలు లేక నాకు తెలియట్లేదు. ఎవరికైనా కనబడితే చదవండమ్మా."

ఎవరూ చదవలేదు. అద్దాలున్నవాళ్లు కూడా.

పదిరోజుల నోటీసు తర్వాత అత్యవసర సమావేశం జరిగింది. గొట్టాలు మళ్లీ పెట్టుకోవచ్చని, అయితే అవి కప్పు పలకల్లాగే పాత కర్ర రంగులో ఉండాలని తీర్మానించారు. ఇంటివాళ్ల అనుమతి లేకుండా పక్క వాకిళ్లలో అడుగుపెట్టినందుకు వెర్లిన్ స్టాట్స్‌ని కమిటీ నుంచి తొలగించారు. గొట్టాలు కోయించుకున్న ఇళ్లవాళ్లే వచ్చారు, ఇరవై రెండు ఓట్లకు తొమ్మిది. ఇరవై రెండుమందీ ఆరోగ్యంగా ఉన్నారు, చేతులు బాగా పైకి లేచాయి.

ఆ సమావేశం వేళకి వెర్లిన్ పద్దెనిమిది ఇళ్లు పూర్తిచేసి ఉన్నాడు. ప్రతి ఇంటికీ ఎర్ర చీటీ తనే కట్టాడు కాబట్టి తనే విప్పాలి, ఆలోపు వాళ్లు చుట్టాలిళ్లలోనూ, కరెంటు హీటర్ల ముందూ వణుకుతూ అతన్ని తిట్టుకున్నారు. పందొమ్మిదోది కార్లీన్ ఇల్లు. ఆవిడ కింద నిలబడి మెడ పైకెత్తి చూస్తోంది. చేతిలో రంగుల పట్టీ ఉంది.

"ఇంత ఎత్తు అవసరమా వెర్లిన్? వీధి చివర్నుంచి కూడా కనబడుతుంది."

"కనబడుతుంది."

ఆవిడ రంగుల పట్టీ మడిచింది. "రాయిస్‌కి ఇంకా నడుస్తుంటే తూలుతోంది," అంది. అది ఫిర్యాదో, మరొకటో అతనికి అర్థం కాలేదు. చివరి మేకు దిగ్గొట్టి, చుట్టూ సీలు పూసి, గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని కదిపి చూశాడు. కదల్లేదు.

లోపల్నుంచి రాయిస్ గొంతు నీరసంగా వచ్చింది. "అయిందా? వెలిగించమంటావా?"

"వెలిగించు."

టోపీకి బెత్తెడు పక్కన అరచెయ్యి పెట్టి, కప్పు వాలు మీద మోకాళ్లు తన్నిపెట్టి కూర్చున్నాడు. ఉత్తరపు గాలి చొక్కాలోకి దూరుతోంది. కొంతసేపు అరచేతికి చల్లగాలి తప్ప ఏమీ తగల్లేదు. తర్వాత వేడి మెల్లగా వచ్చి వేళ్ల సందుల్లోంచి పైకి పోసాగింది. ఇంకో నిమిషం అలాగే ఉండి, అది ఆగదని నమ్మకం కుదిరాక, నిచ్చెన వైపు జరిగాడు.